మోటార్ కంట్రోల్ ఎక్కడ నేర్చుకోవాలి: ఇన్‌స్టిట్యూటా, ప్యానెల్ షాపా, ఇంట్లో బోర్డా?

పోయిన నెల చెన్నై, సూళ్ళూరుపేట మధ్య తిరిగే లోకల్ రైల్లో ఇద్దరు కుర్రాళ్ళు నా ఎదురు సీట్లో కూర్చున్నారు. ఒకరిది నాయుడుపేట, ఇంకొకరిది తడ. ఇద్దరూ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తి చేసి గుమ్మిడిపూండిలో కాంట్రాక్టు మీద హెల్పర్లుగా చేస్తున్నారు. నా బ్యాగులో క్లాంప్ మీటర్ చూసి మాట కలిపారు.

"అన్నా, అంబత్తూరులో పీఎల్‌సీ, వీఎఫ్‌డీ కోర్సంట. మూడు నెలలు. ఫీజు కట్టేయమంటావా?" అని అడిగాడు నాయుడుపేట అబ్బాయి.

"స్టార్ డెల్టా నీ చేత్తో ఎప్పుడన్నా కట్టావా?" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పరీక్షలో గీశాం అన్నా."

పీఎల్‌సీ అంటే మెషీన్లను ప్రోగ్రాముతో నడిపే చిన్న కంప్యూటర్. వీఎఫ్‌డీ, మా మాటలో డ్రైవ్, మోటారు స్పీడు మార్చే పరికరం. స్టార్ డెల్టా అంటే మోటారును ముందు తక్కువ వోల్టేజితో (స్టార్) ఎత్తి, తర్వాత పూర్తి వోల్టేజికి (డెల్టా) మార్చే పద్ధతి. వాళ్ళ స్టేషన్ వచ్చేలోపు చెప్పగలిగింది కొంచెమే. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఏటా ఎంతోమంది పిల్లలు ఈ చదువుతోనే అంబత్తూరుకో, ఒరగడానికో, శ్రీసిటీకో వస్తున్నారు. అందరిదీ ఇదే ప్రశ్న.

నా మాట ముందే చెప్పేస్తాను. కాంటాక్టర్ల మీద, అంటే కాయిల్‌కు కరెంటిస్తే మూసుకుని మోటారుకు కరెంటు పంపే స్విచ్చుల మీద, చేయి తిరగక ముందు పీఎల్‌సీ కోర్సుకు డబ్బు కట్టొద్దు. పీఎల్‌సీ గొప్పది కాదని కాదు. 1968లో జనరల్ మోటార్స్ వాళ్ళు రిలే (చిన్న కాంటాక్టర్ లాంటి స్విచ్చు) ప్యానెళ్ళకు బదులు ఇంకేదైనా కావాలని అడిగితే పుట్టింది అది. రిలే డ్రాయింగులు చదవడం వచ్చిన ఎలక్ట్రీషియన్లకు కొత్తగా అనిపించకూడదనే దాని ప్రోగ్రాముకు ల్యాడర్ (నిచ్చెన మెట్లలాంటి గీతల) రూపం ఇచ్చారు. అంటే కాంటాక్టర్ సర్క్యూట్ తెలిసినవాడి కోసం తయారైన భాష అది. సర్క్యూట్ రాకుండా ల్యాడర్ నేర్చుకుంటే స్క్రీన్ మీద గీతలు వస్తాయి కానీ, మెషీన్ ఆగినప్పుడు ఎక్కడ చూడాలో తెలియదు.

ముందు రావలసింది ఏమిటి

మన పొలాల్లో బోరు మోటారు స్టార్టర్ డబ్బా అందరికీ తెలుసు. పచ్చ బటన్ నొక్కితే మోటారు నడుస్తుంది. వేలు తీసేశాక కూడా ఎందుకు నడుస్తూనే ఉంది? కాంటాక్టర్ లోపలికి పడగానే దాని పక్కనున్న చిన్న కాంటాక్టు, 13-14, మూసుకుని బటన్ పనిని తనమీద వేసుకుంటుంది. దాన్నే హోల్డింగ్ అంటాం. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది, 13-14 తెరుచుకుంటుంది, మళ్ళీ కరెంటు వచ్చినా ఎవరో ఒకరు బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు. ఫ్యాక్టరీలో మనిషి చేయి మెషీన్‌లో ఉండగా కరెంటు వస్తే వాడి ప్రాణం కాపాడేది ఆ చిన్న కాంటాక్టే. ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేది) ఊరికే ట్రిప్ అవుతోందని కాంటాక్టర్‌లో పుల్ల దోపి, రెండు ఫేజుల మీద నడిపి, మోటారు కాల్చుకున్న రైతులు మా ఊళ్ళోనే ఎంతమందో ఉన్నారు. ఆ పుల్ల ఎందుకు తప్పో సర్క్యూట్ గీసి చెప్పగలిగితే మీకు డీఓఎల్, అంటే మోటారును నేరుగా లైను మీద స్టార్ట్ చేసే సర్క్యూట్, వచ్చినట్టే.

ఆ తర్వాత ఫార్వర్డ్-రివర్స్, అందులో ఇంటర్‌లాక్ (రెండు కాంటాక్టర్లూ ఒకేసారి పడకుండా ఆపేది). ఆ తర్వాత స్టార్ డెల్టా. డీఓఎల్‌లో మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఆరు నుంచి ఎనిమిది రెట్లు లాగుతుంది. స్టార్‌లో లైన్ కరెంటు అందులో మూడో వంతుకు తగ్గుతుంది, టార్క్ (తిప్పే బలం) కూడా మూడో వంతే వస్తుంది. ఈ రెండో సగం మరిచిపోయి, నిండా లోడున్న కన్వేయర్‌కు స్టార్ డెల్టా పెట్టి మోటారు ఎత్తుకోవడం లేదని తల పట్టుకునేవాళ్ళున్నారు. సాఫ్ట్ స్టార్టర్, వీఎఫ్‌డీ, పీఎల్‌సీ వీటి తర్వాతే.

వీటిని ఎక్కడ నేర్చుకోవాలన్నదే ఇక ప్రశ్న.

ప్యానెల్ షాపు

ఐటీఐ అయి ఏడాది, రెండేళ్ళు కూడా దాటనివాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. అంబత్తూరు ఎస్టేట్‌లో, గిండీలో, తిరుముడివాక్కంలో కంట్రోల్ ప్యానెళ్ళు తయారు చేసే చిన్న షాపులు చాలా ఉన్నాయి. జీతం తక్కువే. మొదటి నెలంతా వైరు కోయడం, ఫెర్రుల్ ఎక్కించడం, లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) క్రింప్ చేయడం, ఛానెల్ కోయడం. ఇదేం పని అనిపిస్తుంది. కానీ రోజూ ఎదురుగా డ్రాయింగు ఉంటుంది. ఏ1-ఏ2 కాయిల్, 95-96 ఓవర్‌లోడ్ కాంటాక్టు, 21-22 ఇంటర్‌లాక్ అని నంబర్లు కళ్ళలో పడిపోతాయి. అంతకన్నా ముఖ్యం, తప్పు చేస్తే ఇక్కడ ప్రొడక్షన్ ఆగదు. టెస్టింగ్ బెంచీ మీదే బయటపడుతుంది.

నేను నేర్చుకున్నది అలాంటి షాపులోనే. రెండో నెలలో 15 కిలోవాట్ల మోటారుకు స్టార్ డెల్టా ప్యానెల్ మొదటిసారి నా చేత్తో కట్టాను. టెస్టింగ్‌లో స్టార్ట్ నొక్కాం. స్టార్‌లో మోటారు చక్కగా ఎత్తుకుంది. టైమర్ మారింది, స్టార్ కాంటాక్టర్ వదిలింది, డెల్టా కాంటాక్టర్ టక్కున పడింది. పడ్డాక మోటారు మెల్లగా తగ్గుతూ, తగ్గుతూ ఆగిపోయింది. ట్రిప్ లేదు, హమ్మింగ్ లేదు, వాసన లేదు. క్లాంప్ మీటర్ పెడితే సున్నా. కాంటాక్టర్ మాత్రం పట్టుకునే ఉంది. గుండె జారిపోయింది నాకు.

మా మేస్త్రి ప్యానెల్ ముట్టుకోలేదు. కాగితం ఇచ్చి "ఆరు వైర్లూ ఎక్కడికి వెళ్తున్నాయో రాయి" అన్నాడు. రాశాను. మోటారులో మూడు వైండింగులు, వాటి చివరలు యూ1-యూ2, వీ1-వీ2, డబ్ల్యూ1-డబ్ల్యూ2. సప్లై ఫేజులు ఆర్, వై, బీ. మెయిన్ కాంటాక్టర్ నుంచి ఆర్ ఫేజు యూ1కి వెళ్తోంది. డెల్టా కాంటాక్టర్ నుంచి అదే ఆర్ ఫేజు యూ2కి వెళ్ళేలా కట్టాను. ఒకే వైండింగ్ రెండు చివరలకూ ఒకే ఫేజు. మిగతా రెండూ అంతే. రెండు చివరల మధ్య వోల్టేజి తేడాయే లేనప్పుడు కరెంటు ఎలా పారుతుంది? ఆర్ ఫేజు యూ1కీ డబ్ల్యూ2కీ, వై ఫేజు వీ1కీ యూ2కీ, బీ ఫేజు డబ్ల్యూ1కీ వీ2కీ రావాలి. అప్పుడు మోటారు టెర్మినల్ బాక్సు తెరిచి చూపించాడు. కింది వరుసలో యూ1, వీ1, డబ్ల్యూ1. పై వరుసలో డబ్ల్యూ2, యూ2, వీ2. పై వరుసను అలా ఒక అడుగు జరిపి పెట్టిందే నిలువుగా మూడు లింకులు వేస్తే డెల్టా కావడానికి. ఐటీఐలో ఆ బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఆ రోజు దాకా ఆ జరుపు ఎందుకో నాకు తట్టలేదు.

ప్యానెల్ షాపులో లోటు కూడా ఉంది. మెషీన్ కనబడదు. ప్యానెల్ లారీ ఎక్కాక అది ఎక్కడ పనిచేస్తుందో, ఏ దుమ్ములో ఎలా చెడుతుందో మీకు తెలియదు. ఏడాది దాటితే అదే పని మళ్ళీ మళ్ళీ. ఆరు నెలల నుంచి ఏడాది, అంతే ఉండండి.

ఫ్యాక్టరీ మెయింటెనెన్స్

ఫాల్ట్ వెతకడం నేర్పేది మాత్రం ఇదొక్కటే. స్టార్ట్ నొక్కితే పడి, వేలు తీయగానే వదిలేస్తే 13-14 వైపు చూడాలని, అసలు పడకపోతే ముందు కంట్రోల్ సప్లై, తర్వాత 95-96, తర్వాత కాయిల్ చూడాలని పుస్తకం కూడా చెప్తుంది. రాత్రి రెండింటికి కంప్రెసర్ ఆగి, షిఫ్ట్ ఇన్‌చార్జ్ వెనక నిలబడి "ఎంతసేపు?" అంటున్నప్పుడు ఆ వరుస తప్పకుండా చూడటం ఆ చోట నిలబడితేనే వస్తుంది.

ఇబ్బంది ఏమిటంటే అక్కడ నేర్పడానికి ఎవరికీ తీరిక ఉండదు. పెద్ద ప్లాంట్లలో లాకౌట్ పద్ధతి (పని అయ్యేదాకా స్విచ్చుకు తాళం), పర్మిట్ ఉంటాయి. హెల్పర్‌ను ప్యానెల్ తలుపు తెరవనివ్వరు. అది సరైనదే, దాని మీద కోపం తెచ్చుకోకండి. మీ చేతిలో ఉన్నది ఇంకొకటి ఉంది. షట్‌డౌన్ రోజు మానకండి. సీనియర్‌ను అడిగి మీ లైనులో ఒక మెషీన్ డ్రాయింగు జిరాక్స్ తీసుకుని ఇంట్లో రంగు పెన్నుతో గీసుకోండి. జరిగిన ప్రతి ఫాల్టూ ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఏం కనబడింది, ఎక్కడ కొలిచారు, ఎంత వచ్చింది, చివరికి ఏది కారణం. సీనియర్ మంచివాడైతే ఈ దారికి సాటి లేదు. పార్టు మార్చేసి వెళ్ళిపోయే రకమైతే మూడేళ్ళున్నా మీరు నిచ్చెన పట్టుకునే ఉంటారు. ఉద్యోగం మారేటప్పుడు జీతంతో పాటు ఎవరి కింద పని అన్నది కూడా అడిగి తెలుసుకోండి.

ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లు

వడపళని, గిండీ, అంబత్తూరు, ఎటు చూసినా బోర్డులే. మంచివీ ఉన్నాయి. డబ్బు కట్టే ముందు ఒక్క పూట వెళ్ళి క్లాసు జరుగుతుండగా చూడండి. చూడనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి.

చూసేటప్పుడు ఒక్కో బోర్డు దగ్గర ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ముగ్గురు దాటితే ఒకడు కడతాడు, మిగతావాళ్ళు చూస్తారు. ట్రైనర్ కిట్టులో పిన్నులు గుచ్చడమేనా, ఖాళీ ప్లేటు మీద స్క్రూడ్రైవర్‌తో మొదటి నుంచి కట్టనిస్తారా చూడండి. పిన్నులు గుచ్చే కిట్టు మీద లూజ్ కనెక్షన్ రాదు, తెగిన లగ్గు రాదు. ఫ్యాక్టరీలో మనకు ఎదురయ్యేవి అవే. కట్టిన సర్క్యూట్‌లో సార్ దొంగతనంగా ఫాల్ట్ పెట్టి వెతకమంటారా అని అక్కడి పిల్లల్నే అడగండి. అలా చేసే చోటు దొరికితే ఫీజు కొంచెం ఎక్కువైనా చేరిపోవచ్చు.

నేను సార్‌ను ఒక ప్రశ్న కూడా అడగమంటాను. "15 కిలోవాట్ల మోటారు, ప్లేటు మీద 28 ఆంపియర్లు. స్టార్ డెల్టాలో ఓవర్‌లోడ్ మెయిన్ కాంటాక్టర్ కింద ఉంది. ఎంతకు సెట్ చేయాలి?" అక్కడ పారేది ఫేజు కరెంటు కాబట్టి 28ని 0.58తో గుణించి 16 ఆంపియర్ల దగ్గర పెట్టాలి. 28కి పెట్టేస్తే మోటారు కాలిపోయేదాకా ఓవర్‌లోడ్ కదలదు. ఈ జవాబు తడుముకోకుండా చెప్పి, ఎందుకో గీసి చూపించే మనిషి దగ్గర నేర్చుకోవచ్చు.

భాష సంగతి కూడా అడగాలి. ఇక్కడ క్లాసులు ఎక్కువగా తమిళంలో జరుగుతాయి, మధ్యలో ఇంగ్లీషు మాటలు. సరిహద్దు పిల్లలకు పెద్ద ఇబ్బంది ఉండదు. ప్రకాశం, కడప నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం మొదటి నెల అర్థం కాక, అడగడానికి మొహమాటపడి వెనకబడతారు. తెలుగు తెలిసిన సార్ ఉంటే ఆ బ్యాచ్‌లోనే చేరండి.

డ్రైవ్ (వీఎఫ్‌డీ) నేర్చుకోవడానికి మాత్రం ఇన్‌స్టిట్యూట్ పనికొస్తుంది. ప్యానెల్ షాపులో డ్రైవ్ బిగిస్తారే కానీ లోడు మీద నడిపి చూసేది తక్కువ, ఫ్యాక్టరీలో పారామీటర్లు ముట్టుకోనివ్వరు. మోటారు ప్లేటు చూసి వోల్టేజి, కరెంటు, ఫ్రీక్వెన్సీ, ఆర్‌పీఎం స్వయంగా ఎక్కించి, యాక్సిలరేషన్ టైమ్ మార్చి తేడా చూడాలి. 415 వోల్టులు, 50 హెర్ట్జ్ అంటే హెర్ట్జ్‌కు 8.3 వోల్టులు. 25 హెర్ట్జ్‌లో డ్రైవ్ సుమారు 207 వోల్టులే ఇస్తుంది. తక్కువ స్పీడులో ఎక్కువసేపు నడిపితే షాఫ్ట్ మీదున్న ఫ్యాను కూడా మెల్లగానే తిరుగుతుంది కాబట్టి మోటారు వేడెక్కుతుంది. వీటితో పాటు మొదటి రోజే చెప్పాల్సినవి రెండున్నాయి, అవి చెప్పని చోట ఉండకండి. ఒకటి, మెయిన్ ఆపేసినా డ్రైవ్ లోపల కెపాసిటర్లలో 560, 580 వోల్టుల డీసీ నిలిచి ఉంటుంది. మూత మీద రాసినన్ని నిమిషాలు ఆగి, మీటరుతో కొలిచి, అప్పుడే చేయి పెట్టాలి. రెండోది, మోటారుకు మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) వేసే ముందు డ్రైవ్ నుంచి వైర్లు విప్పాలి, లేకపోతే డ్రైవ్ పోతుంది.

ప్రభుత్వ దారి

గిండీలో కేంద్ర ప్రభుత్వ నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పాతవాళ్ళు ఏటీఐ అంటారు. ఫ్యాక్టరీలు పంపే పనివాళ్ళకు అక్కడ కొద్ది రోజుల కోర్సులు నడుపుతారు. మీ కంపెనీ హెచ్‌ఆర్‌ను అడిగి పంపించుకోగలిగితే ప్రైవేటు కన్నా నేను దీన్నే ఎంచుకుంటాను. ఇబ్బంది తేదీలదే. మీకు వీలైనప్పుడు కాదు, వాళ్ళ బ్యాచ్ ఉన్నప్పుడే వెళ్ళాలి.

ఇన్‌స్టిట్యూట్ ఏదైనా ఒక్కటి గుర్తుంచుకోండి. కోర్సు సర్టిఫికెట్ వేరు, లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్, సూపర్‌వైజర్ సర్టిఫికెట్ వేరు. సొంతంగా కాంట్రాక్టు పనులు చేయాలనుకునేవాళ్ళకు కావలసింది రెండోది. మోటార్ కోర్సు చేసి లైసెన్సు వచ్చేసిందనుకున్న ఒకతన్ని నేను చూశాను, పాపం ఏడాది పోయింది అతనికి.

ఇంట్లో బోర్డు

షిఫ్టుల్లో పనిచేస్తూ ఎక్కడికీ వెళ్ళలేనివాళ్ళకు ఇదే మేలు. గదిలో ముగ్గురు నలుగురు కలిసి ఉండేవాళ్ళు డబ్బులు వేసుకుంటే ఇంకా సులువు. ఒక ప్లైవుడ్ చెక్క, డిన్ రైలు (పరికరాలు బిగించే లోహపు పట్టీ), మూడు చిన్న కాంటాక్టర్లు, ఒక ఓవర్‌లోడ్ రిలే, ఒక టైమర్, ఎరుపు, ఆకుపచ్చ పుష్ బటన్లు, ఇండికేటర్ ల్యాంపులు, 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (230ని 24 వోల్టుల డీసీగా మార్చే డబ్బా). రిచీ స్ట్రీట్‌లో ఎస్‌ఎంపీఎస్, ల్యాంపులు, మీటరు దొరుకుతాయి. కాంటాక్టర్లు ప్యారీస్ కార్నర్ వైపు ఎలక్ట్రికల్ కొట్లలో తీసుకోండి. విప్పేసిన పాత ప్యానెళ్ళవి ఇంకా చవక, కానీ కాయిల్ మీద రాసి ఉన్న వోల్టేజి చూడకుండా కొనొద్దు. 415 వోల్టుల కాయిల్ తెచ్చుకుంటే 24తో కదలదు.

బోర్డంతా 24 వోల్టులతోనే చేయండి. మోటారు పెట్టొద్దు. మెయిన్ కాంటాక్టులకు 24 వోల్టుల ల్యాంపులు కట్టి, ఏ ల్యాంపు ఎప్పుడు వెలుగుతోందో చూస్తే చాలు, స్టార్ డెల్టా వరస మొత్తం కనబడుతుంది. ఎస్‌ఎంపీఎస్‌కు వచ్చే 230 వైపు మూత ఉన్న టెర్మినల్, ముందు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ట్రిప్ అయ్యే బ్రేకర్) తప్పనిసరి. అద్దె గదిలో, తడి నేల మీద, అలసిపోయి చేసే పని ఇది. ప్రాణం కన్నా ఏ విద్యా ఎక్కువ కాదు. మీటరు కూడా చవకది కాకుండా క్యాట్ 3, 600 వోల్టులు అని రాసి ఉన్నది తీసుకోండి, రేపు ఫ్యాక్టరీకీ అదే వస్తుంది.

బోర్డుతో పాటు కంప్యూటర్‌లో కాడే సిము లాంటి సిమ్యులేటర్ పెట్టుకోండి. ముందు అందులో గీసి నడిపి, తర్వాత బోర్డు మీద కట్టండి. పుస్తకం అంటే గిండీలోనే ఉన్న నిమి సంస్థ వేసే ఎలక్ట్రీషియన్ ట్రేడు పుస్తకాలు చాలు, ప్రాంతీయ భాషల్లోనూ వేస్తారు, భారత్ స్కిల్స్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. యూట్యూబ్‌లో ఒక్క జాగ్రత్త. అమెరికా వీడియోల్లో గుర్తులు వేరు, 60 హెర్ట్జ్, 120 వోల్టుల కంట్రోల్. మన ప్యానెళ్ళలో ఉండే 13-14, 95-96 నంబర్లు వాటిలో చాలావరకు కనబడవు. మొదట్లో అవి చూస్తే గందరగోళమే. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్) పాఠాలు బీటెక్ పిల్లల కోసం చేసినవి, డ్రైవ్ ఎలా పనిచేస్తుందో లోతుగా కావాలనుకున్న డిప్లొమా వాళ్ళు తర్వాత చూడొచ్చు.

బోర్డులో ఒక లోటు ఉంది, మీ తప్పు మీకే కనబడకపోవచ్చు. అందుకే గదిలో ఇద్దరుండటం మంచిది. ఒకరు బయటికి వెళ్ళినప్పుడు రెండోవారు ఒక వైరు వదులు చేసి పెట్టాలి, వచ్చినవారు మీటరుతోనే కనుక్కోవాలి, కళ్ళతో వెతకకూడదు.

ఎవరికి ఏది

కొత్తగా ఐటీఐ అయి ఉద్యోగం వెతుకుతున్నవాళ్ళు ప్యానెల్ షాపులో చేరండి, జీతం నాలుగు రూపాయలు తక్కువైనా సరే. ఇప్పటికే ఫ్యాక్టరీలో హెల్పర్‌గా ఉన్నవాళ్ళు ఉద్యోగం వదలొద్దు, ఇంట్లో బోర్డు కట్టుకోండి, ఫాల్ట్ నోట్‌బుక్ రాయండి. ఊళ్ళో మోటార్ వైండింగ్ షాపులో పనిచేసి వచ్చినవాళ్ళకు మోటారు లోపలి సంగతి మా అందరికన్నా బాగా తెలుసు, వాళ్ళు రెండు నెలలు బోర్డు చేసి నేరుగా డ్రైవ్ కోర్సుకు వెళ్ళిపోవచ్చు. అయిదారేళ్ళు మెయింటెనెన్స్‌లో ఉండి కాంటాక్టర్లు కళ్ళు మూసుకుని కట్టేవాళ్ళకు మాత్రం పీఎల్‌సీ కోర్సు ఇప్పుడే, ఆలస్యం చేయకండి. శ్రీసిటీ, ఒరగడంలో కొత్త లైన్లు దాని మీదే నడుస్తున్నాయి.

నాయుడుపేట అబ్బాయి మొన్న ఫోన్ చేశాడు. ఫీజు కట్టలేదు. ఇద్దరూ కలిసి బోర్డుకు సామాను తెచ్చుకున్నారట. ఫార్వర్డ్ నొక్కి, అది ఆగకుండానే రివర్స్ నొక్కితే రెండు కాంటాక్టర్లూ ఒకేసారి పడుతున్నాయి, ఎందుకన్నా అని అడిగాడు. జవాబు చెప్పలేదు. 21-22 వైర్లు ఎక్కడెక్కడికి వెళ్తున్నాయో కాగితం మీద రాసి, దాని ఫోటో పంపమన్నాను.